లొసుగుల సలహాదారు

మా మావయ్య దొంగను సంప్రదించకుండా తాళం కొనే మనిషి కాదు. అతిశయోక్తి అనుకునేరు. ఒకసారి నిజంగానే ఇంటికి తాళం కావలసి వచ్చింది. కొట్టువాడు చూపించిన నాలుగు రకాలూ పక్కన పెట్టి, తాళాలు తీయడంలో చెయ్యి తిరిగిన మనిషెవరైనా ఈ చుట్టుపక్కల ఉన్నాడా అని ఆ కొట్టువాడినే అడిగాడు. కొట్టువాడు మావయ్యను ఎగాదిగా చూసి, తాళాలన్నీ తిరిగి లోపల పెట్టేసుకున్నాడు. ఆ తరవాత నెల రోజులు మా తలుపుకు తాడే గతి అయింది.

దీనికి కారణం ఆయన ఉద్యోగం. చట్టాల ముసాయిదాలు రాసే ఆఫీసులో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాడు. పైవాళ్ళు ఫలానా చట్టం కావాలని ఒక్క ముక్కలో చెబితే, దాన్ని సెక్షన్లుగా కోసి, క్లాజులుగా తరిగి, మినహాయింపులు చల్లి పంపించడం ఆయన పని. చట్టం రాసేవాడికి జీతం వస్తుంది గనక రాస్తాడు, తప్పించుకునేవాడికి అవసరం గనక తప్పించుకుంటాడు, జీతం కంటే అవసరానికే తెలివి ఎక్కువ అనేది మావయ్య సిద్ధాంతం. అందుకని ఏ నియమమైనా పెట్టేముందు దాన్ని ఎవడు ఉల్లంఘిస్తాడో వాడి దగ్గరికి వెళ్ళి, ఎలా ఉల్లంఘిస్తావు నాయనా అని మర్యాదగా అడిగి రాసుకునేవాడు.

పాలు తాగిపోతున్న పిల్లి మీద చర్య తీసుకునే ముందు ఒక ఆదివారమంతా వంటింటి గడప మీద కూర్చుని పిల్లిని చూశాడు. పిల్లి కూడా ఆయన్ని చూసింది. సాయంత్రానికి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆ మర్నాటి నుంచి పిల్లికి విడిగా గిన్నె ఏర్పాటైంది. అత్తయ్య దీన్ని చట్టం అనరు, లొంగిపోవడం అంటారు అంది.

చెప్పులు గుమ్మం బయటే విడవాలని ఇంట్లో నియమం పెట్టబోతూ, దీన్ని నువ్వెలా తప్పించుకుంటావని అత్తయ్యను అడిగాడు. విడిస్తే బయటే విడవమని కదా నియమం, నేను అసలు విడవకుండా వేసుకునే లోపలికి వస్తాను అంది అత్తయ్య. మావయ్య ముచ్చటపడి ఆ నియమాన్ని మూడుసార్లు తిరగరాశాడు. చివరికి అది రెండు పేజీలైంది. చదివే ఓపిక లేక చెప్పులన్నీ ఎప్పటిలాగే మంచం కింద ఉండేవి.

వీటన్నిటికంటే పెద్ద కథ తూనికలది. తప్పుడు తూకాల మీద నిబంధనలు రాయవలసి వచ్చినప్పుడు మావయ్య నేరుగా మా వీధిలో దొంగ తూకానికి బాగా పేరుమోసిన కొట్టుకి వెళ్ళి, పక్కనే ఓ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తన విద్యను గౌరవించిన మొదటి మనిషి దొరికాడని ఆ కొట్టాయన పొంగిపోయి, పదకొండు రకాల మోసాలు చేసి చూపించాడు. నిబంధనలు వచ్చిన వారానికే మొదట పట్టుబడినవాడు ఆయనే. ఇంత తెలివితక్కువ మనిషి ఉంటాడా అని నేను కడుపుబ్బ నవ్వాను. ఆ నవ్విన వాడి తెలివి ఎంతో ఇప్పుడు చెబుతాను.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు, పదో తరగతి. నాన్నది ఏడాదికోచోటికి తిప్పే ఉద్యోగం కావడంతో, చదువు దెబ్బ తినకూడదని నన్ను మావయ్య ఇంట్లో పెట్టారు. చదువు సంగతేమో గానీ, ఆ ఏడాది నేను సిగరెట్ మొదలుపెట్టాను. బడి సైకిల్ స్టాండు వెనక గోడకు ఒక సందు ఉంది. అక్కడ ముగ్గురం చేరి ఒక్క సిగరెట్ పంచుకునేవాళ్ళం. మా నాయకుడు పొడుగోడు. వాడు పొగను ముక్కులోంచి వదిలేవాడు. నేను కళ్ళలోంచి వదిలేవాణ్ణి. పొగను నోట్లోకి తీసుకోవడం వరకే నాకు తెలుసు, ఆ తరవాత దాన్ని ఏం చేయాలో తెలియదు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని అక్కణ్ణుంచే సాగనంపినట్టు పంపేసేవాణ్ణి. అద్దం ముందు పెన్సిలు పెట్టుకుని చాలా అభ్యాసం చేశాను. పెన్సిలుతో నేను నిజంగా బాగుండేవాణ్ణి.

ఇంటికి వచ్చే ముందు రెండు జామాకులు నమిలేవాణ్ణి. దాంతో నా నేరానికి సాక్ష్యం లేకుండా పోయిందని నా నమ్మకం.

అలా పంతొమ్మిది రోజులు గడిచాక ఒక సాయంత్రం మావయ్య భోజనాల బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టి నన్ను పిలిచాడు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు సిగరెట్ తాగకుండా ఉండేందుకు చట్టం ముసాయిదా అట. ముప్పై ఒక్క సెక్షన్లు.

"ఇది రాసినవాళ్ళందరికీ యాభై దాటాయిరా," అన్నాడు మావయ్య. "పదిహేనేళ్ళ బుర్ర ఎలా నడుస్తుందో మాలో ఒక్కడికీ గుర్తులేదు. నువ్వు కాస్త సాయం చెయ్యాలి."

"నాకేం తెలుసు మావయ్యా. నేనలాంటి వాటి జోలికి పోను."

"నువ్వు తాగుతావని ఎవరన్నారు? నీ ఈడువాడు ఎవరో ఒకడున్నాడనుకో. వాడికి తాగాలనిపించింది. ఈ సెక్షన్ని వాడెలా దాటతాడో చెప్పు, చాలు."

ఆ క్షణం నుంచి ఆ 'ఎవరో ఒకడు' మా ఇంట్లో నాలుగో మనిషి అయ్యాడు. మావయ్య ఒక తెల్లకాగితం తీసి, నన్ను లొసుగుల సలహాదారుగా నియమిస్తున్నట్టు రాసి, సంతకం చేసి ఇచ్చాడు. అప్పటిదాకా నన్ను పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నలు రెండే. మార్కులెన్ని, ఇంకాస్త వడ్డించనా. నా అభిప్రాయం అడిగిన మొదటి మనిషి మావయ్య. నేను ఎంత ఉబ్బిపోయానంటే, ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

రోజూ బడి నుంచి రాగానే సమావేశం. మొదటి సెక్షన్ బడికి నూరు మీటర్ల లోపల సిగరెట్లు అమ్మకూడదని. నేను పెదవి విరిచాను. నూటొకటో మీటరు దగ్గర కొనుక్కుంటాడు, పైగా అంత దూరం వెళ్ళి తెచ్చినవాడంటే మాలో గౌరవం ఎక్కువ అన్నాను. అని, నాలిక కరుచుకుని, "మాలో అంటే, వాళ్ళలో," అన్నాను. మావయ్య తల ఎత్తకుండా రాసుకున్నాడు. ఎవరో ఒకడికి దూరం అడ్డు కాదు, అలంకారం.

పెట్టె మీద భయంకరమైన బొమ్మలు వేయాలనేది మరో సెక్షన్. దాన్ని నేను ఒక్క వేటుతో పడగొట్టాను. ఎవరో ఒకడు పెట్టె కొంటే కదా బొమ్మ చూసేది, వాడు కొనేది విడిగా ఒక్కటే అన్నాను. మావయ్య కలం ఆగిపోయింది. విడిగా ఇస్తారా, ఏ కొట్లో ఇస్తారు, బడి యూనిఫాం చూసి కూడా ఇస్తారా అని అడిగాడు. నిపుణుడిని కదా, అన్నీ చెప్పాను. విడిగా అమ్మితే అమ్మినవాడికే శిక్ష అని కొత్త సెక్షన్ పుట్టింది. పెట్టె మొత్తం కొనే స్తోమత ముగ్గురు కలిసినా ఎవరో ఒకడికి లేదు కాబట్టి ఇది తిరుగులేని దెబ్బ అని నేనే మెచ్చుకున్నాను కూడా. నా కొట్టు నేనే మూయించుకున్నానని తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

టీచర్లు నోటి వాసన చూడాలనే సెక్షన్ వచ్చినప్పుడు జామాకుల సంగతి బయటపెట్టాను. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న అత్తయ్య అప్పుడు మాత్రం కల్పించుకుంది. "ఎవరో ఒకడి చొక్కాకి కూడా జామాకులు తినిపించమని రాసుకోండి. నిన్న నానబెడితే నీళ్ళన్నీ పొగ కంపు." నేను ఆ మాట విననట్టు నటించాను. మావయ్య కూడా నటించాడు. తేడా ఏమిటంటే, ఆయన బాగా నటించాడు.

యాభై ఏళ్ళు వచ్చేసరికి ఊపిరితిత్తులు పాడవుతాయని ప్రతి తరగతిలో పాఠం చెప్పాలని ఇంకో సెక్షన్. మావయ్య వయసు యాభై రెండని మరిచిపోయి, ఎవరో ఒకడికి యాభై ఏళ్ళనేది తను ఎప్పటికీ వెళ్ళని చోటు, అక్కడ వాన పడితే వాడికేం, ఎండ కాస్తే వాడికేం అన్నాను. మరి వాడు దేనికి భయపడతాడు అని అడిగాడు. ఈ వారం పరుగు పందెంలో ఆయాసం వచ్చి అందరి ముందూ కూలబడతాడేమోనని, పళ్ళు పచ్చబడితే ఫొటోలో నవ్వలేడేమోనని భయపడతాడని చెప్పాను. ఆ రెండూ నా సొంత భయాలే. వాటిని అంత వివరంగా అంతకుముందు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

అన్నిటికంటే గొడవ శిక్ష దగ్గర వచ్చింది. తాగుతూ పట్టుబడిన పిల్లవాడి పేరు ప్రార్థన సమయంలో అందరి ముందు చదవాలని ఉంది. నాకు నవ్వాగలేదు.

"అది శిక్ష కాదు మావయ్యా, సన్మానం. మూడేళ్ళు కష్టపడి చదివినా రాని పేరు ఒక్క పూటలో వస్తుంది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యకూడదు. అమ్మినవాణ్ణి పట్టుకోండి. వీణ్ణి ఎవరూ పట్టించుకోకపోతే వాడికే విసుగు పుడుతుంది. ఎవరో ఒకడు పొగ కోసం తాగడు కదా, చూసేవాళ్ళ కోసం తాగుతాడు."

మావయ్య ఆ సెక్షన్ మొత్తం కొట్టేశాడు. పక్కన నా మాటలు ఎర్ర సిరాతో ఎక్కించాడు. నేను గర్వంతో రెండు అంగుళాలు పెరిగాను.

ఈ సమావేశాల కోసం సైకిల్ స్టాండు వెనక్కి వెళ్ళడం తగ్గిపోయింది. పొడుగోడు అడిగితే ప్రభుత్వ పని మీద ఉన్నానని చెప్పాను. వాడు నా జ్వరం చూడమని రెండోవాడికి సైగ చేశాడు. నేను పట్టించుకోలేదు. చట్టాలు చేసేవాళ్ళని జనం మొదట ఇలాగే ఎగతాళి చేస్తారని సర్దిచెప్పుకున్నాను.

గర్వం ముదిరితే ఏమవుతుందో ఇక చూడండి. ముసాయిదాకి ఒక అనుబంధం ఉంటే బాగుంటుందని నాకు నేనే నిర్ణయించుకున్నాను. ఒక పెద్ద కాగితం మీద బడి పటం గీసి, గోడ సందు, కొట్టు, జామచెట్టు రంగు పెన్సిళ్ళతో చూపించి, పైన పెద్ద అక్షరాలతో 'పట్టుబడకుండా సిగరెట్ తాగుటకు పన్నెండు మార్గములు' అని శీర్షిక పెట్టాను. సంతకం లేని పత్రం చెల్లదని మావయ్య చెప్పి ఉన్నాడు. కాబట్టి అడుగున నా పేరు, తరగతి, హోదా రాసి, సంతకం చేసి, తేదీ కూడా వేశాను.

ఒక్క కొలత తక్కువైంది. బడి గేటు నుంచి కొట్టు దాకా ఎన్ని అడుగులో తేల్చాలి. మధ్యాహ్నం విరామంలో ఆ కాగితం చేత్తో పట్టుకుని, తల వంచుకుని, అడుగులు పైకి లెక్కపెడుతూ బయల్దేరాను. నూట నలభై మూడో అడుగు దగ్గర ఎవరి పొట్టకో తగిలాను. తలెత్తి చూస్తే హెడ్మాస్టరు.

ఆయన శీర్షిక చదివాడు. పటం చూశాడు. అడుగున సంతకం చూశాడు. పాతికేళ్ళ సర్వీసులో సంతకం చేసిన నేరస్థుణ్ణి ఆయన అప్పుడే మొదటిసారి చూసి ఉంటాడు.

హెడ్మాస్టరు గదిలో నా టీసీ రాయడానికి కాగితం బల్ల మీదికి వచ్చింది. పరీక్షలకి రెండు నెలలే ఉంది. ఆ సమయంలో బడి నుంచి పంపేస్తే ఇంకే బడీ చేర్చుకోదు, ఏడాది పోతుంది, నాన్న ఇక్కడికి వస్తాడు. విచిత్రం ఏమిటంటే, నేను తాగిన రోజుల్లో ఎవరూ పట్టుకోలేదు. చట్టం చేస్తూ పట్టుబడ్డాను.

కబురందుకుని మావయ్య ఆఫీసు నుంచి వచ్చాడు. చేతిలో ముసాయిదా కట్ట ఉంది. హెడ్మాస్టరు నా అనుబంధం ఆయన ముందుకి తోశాడు. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"ఏడో మార్గం, తొమ్మిదో మార్గం ఒకటే కదరా," అన్నాడు నాతో. "కలిపెయ్యచ్చు."

హెడ్మాస్టరు మొహం ఎర్రబడింది. మావయ్య అప్పుడు మొత్తం విషయం వివరించాడు. ఇది తప్పుడు పని కాదని, చట్టం పని అని, ఈ కుర్రాడు సలహాదారని చెప్పాడు. హెడ్మాస్టరు ఫోను తీసి మావయ్య ఆఫీసుకి చేశాడు. అవతలివాళ్ళు చెప్పింది విని, ఫోను పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ ఆఫీసులో సిగరెట్ల మీద ముసాయిదా ఏదీ లేదటండి. మీ విభాగానికి తూనికలూ కొలతలూ తప్ప ఇంకేవీ రావట."

నేను మావయ్య వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"నిజమేనండి. ఆఫీసులో లేదు. మా ఇంట్లో ఉంది," అన్నాడు. "మా ఇంట్లో పదిహేనేళ్ళవాడు ఒక్కడే ఉన్నాడు. వాడొక్కడి కోసమే రాశాను."

"అంటే వీడు తాగుతున్నాడని మీకు తెలుసన్నమాట. పిలిచి అడగలేకపోయారా?"

"అడిగితే అబద్ధం చెబుతాడండి. చెప్పాక దాన్ని కాపాడుకోవాలి కదా, అందుకోసమైనా ఇంకో నాలుగు తాగుతాడు. నా పదిహేనో ఏట మా నాన్న నన్ను అడిగాడు. లేదన్నాను. సిగరెట్ మాని ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్పై ఒక్క సెక్షన్లు. వాటిలో దేశం లేదు, ప్రజలు లేరు, ఉన్నది పెన్సిలు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డ ఒక వెధవ. తెల్లవారకముందే లేచి మావయ్య వంటింట్లో కూర్చుని ఏదో రాసుకుంటుంటే ఆఫీసు పని అనుకునేవాణ్ణి. సిగ్గుతో పాటు ఆయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది. తూకాల కొట్టు దగ్గర స్టూలు మీద కూర్చుని మావయ్య విన్నది మోసాలనే అనుకున్నాను ఇన్నాళ్ళూ; విన్నది మనిషినని ఇప్పుడు తెలిసింది.

హెడ్మాస్టరు ముసాయిదా తన వైపు లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. మొదట కోపంగా తిరగేశాడు, తరవాత నెమ్మదిగా తిప్పాడు. శిక్ష సెక్షన్ కొట్టేసిన చోట ఎర్ర సిరా మాటల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"ఏటా నలుగురిని పంపించేస్తున్నానండి," అన్నాడు చివరికి. "మరుసటేటికి ఎనిమిది మంది తయారవుతున్నారు. నాకు అర్థం కాలేదు ఎందుకో." కట్ట మూసి అడిగాడు. "ఇది నా దగ్గర రెండ్రోజులు ఉంచుకోవచ్చా?"

"సలహాదారుని అడగండి," అన్నాడు మావయ్య.

హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. కాళ్ళ మీద పడవలసిన సమయం అది. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, ఒక కాపీ తీసుకుని అసలుది తిరిగి ఇచ్చేయండి సార్ అని. ఆయన మూతి ఒకవైపు వంకర తిరిగింది. అది నవ్వని తరవాత తెలిసింది. టీసీ కాగితం సొరుగులోకి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే గోడ సందు పూడ్చారు, విడిగా సిగరెట్లమ్మే కొట్టాయనతో హెడ్మాస్టరు స్వయంగా మాట్లాడి వచ్చాడు. ఎవరి పేరూ ఎవరి ముందూ చదవలేదు. చూసేవాళ్ళు లేకపోయేసరికి పొడుగోడు కూడా కొన్నాళ్ళకి బంతాటలో పడ్డాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే, ఎప్పుడు తెలిసిందని మావయ్యను అడిగాను. "జామచెట్టు లేని ఇంట్లోకి రోజూ జామాకుల వాసన వస్తుంటే తెలియదట్రా," అన్నాడు. తిట్టలేదు. మానేస్తానని మాట తీసుకోలేదు. ఇంటికి వచ్చాక జేబులోంచి మడత పెట్టిన ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. హెడ్మాస్టరుకి ఇవ్వకుండా దాచిన చివరి పేజీ. ముప్పై ఒకటో సెక్షన్. ఈ చట్టం ఫలానా తేదీ నుంచి అమల్లోకి వచ్చును అని ఉంది. తేదీ చోటు ఖాళీగా ఉంది.

"ఇది నేను రాసేది కాదు," అని కలం నాకు ఇచ్చాడు.

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నా జామెట్రీ డబ్బాలో సగం సిగరెట్ ఒకటి ఉంది. అంత జరిగాక కూడా నా బుర్ర చేసిన మొదటి పని దానికి గడువు చూడడం. రోజు గురువారం. బాగా ఆలోచించి వచ్చే సోమవారం తేదీ వేశాను. మావయ్య తేదీ చూశాడు, నన్ను చూశాడు, అడుగున సంతకం చేశాడు. అత్తయ్య సాక్షి సంతకం చేసింది.

శుక్రవారం ఆ సగం సిగరెట్ తీసుకుని ఒక చోటు వెతుక్కుంటూ తిరిగాను. సందు నేనే చెప్పాను, కొట్టు నేనే చెప్పాను, వాసన, చొక్కా, ఆయాసం అన్నీ నేనే చెప్పాను. ఎటు తిరిగినా ఏదో ఒక సెక్షన్ నా మాటలతోనే ఎదురొచ్చింది. శనివారం సాయంత్రం దాన్ని చెత్తబుట్టలో పడేసి, అగ్గిపెట్టె వంటింట్లో పెట్టేశాను. అత్తయ్య చూసింది. ఈ రోజుకీ ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది. ఆయన పాతికేళ్ళ సర్వీసులో ఎన్నో చట్టాలు రాశారండి, అమల్లోకి రావడానికి రెండు రోజుల ముందే పాటించింది మాత్రం మా వాడొక్కడే అని.